రీలు మర, తల్లి చేప, పేడనీళ్లు

ఉద్యోగం సంగతి

చేపలు పట్టడం నా ఉద్యోగం. నెలజీతం తీసుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని, పడవలో కూర్చుని గాలం వేసేవాణ్ని. ఈ మాట చెబితే పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రులు టీ తాగకుండానే లేచేవారు. చివరికి ధైర్యం చేసి పిల్లనిచ్చిన మా అత్తగారు కూడా "మా అల్లుడు నీళ్ల డిపార్టుమెంటుల చేస్తడు" అని ఊళ్లో చెప్పుకునేది. ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను ఆ మాట కాదనలేదు.

ఏన్కూరు దగ్గర ఒక చేపపిల్లల ఫారం ఉండేది. తల్లి చేపలను పెంచి, తొలకరికి గుడ్లు పెట్టించి, పిల్లలను ఊళ్ల చెరువులకు ఇవ్వడం ఆ ఫారం పని. నేను అందులో ఫీల్డు సూపర్‌వైజర్‌ని. నా కింద ఉన్నది డ్రైవర్ సైదులు ఒక్కడే. అతను నా మాట వినేవాడు కాదు. నా పైన ఉన్నది యజమాని కోటేశ్వరరావు గారు ఒక్కరే. ఆయన మాట నేను వినక తప్పేది కాదు.

ఎప్పుడు చేరాను, జీతం ఎంత పెరిగింది, రిటైరైన రోజున ఏ రంగు శాలువా కప్పారు, ఇవేవీ ఇక్కడ రాయను. శాలువా మాత్రం బాగుండేది, ఎలుకలు కొట్టేశాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొచ్చే సంగతి నా దగ్గర ఒక్కటే ఉంది. గాలపు కర్రకు తగిలించే రీలు మీద ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని డ్రాగ్ అంటారు, మా సైదులు బ్రేకు అనేవాడు. చేప గుంజినప్పుడు దారం ఎంత తేలిగ్గా బయటికి పోవాలో ఆ మర చెబుతుంది. దాన్ని ఎంత బిగించాలో తెలుసుకోవడానికి నేను ఒక పెద్ద చేపను పోగొట్టుకున్నాను, ఇంకోదాన్ని చంపుకున్నాను, నడిరోడ్డు మీద పేడనీళ్ల స్నానం చేశాను. మీరు చదివి నేర్చుకుంటే సబ్బు మిగులుతుంది.

వల ఉండగా గాలమెందుకు

ఒక ఏడాది మా ఫారం పిల్లలు ఎక్కడ వేసినా ఎదగలేదు. కారణం మాకు తెలుసు. మా తల్లి చేపలన్నీ ఒకే ఇంటివి. అన్నదమ్ములకూ అక్కాచెల్లెళ్లకూ పెళ్లిళ్లు చేస్తూ పోయాం. పైకి చెప్పుకోలేక మేత బాగాలేదనీ, నీళ్లు బాగాలేవనీ ఊళ్లవాళ్లకు చెబుతూ వచ్చాం. చెప్పింది ఎక్కువగా నేనే. నాకు ఆ విద్య బాగా వచ్చు.

ఆ వేసవి మొదట్లో ముత్తమ్మ ఫారానికి వచ్చింది. బూర్గంపాడు వైపు అడవిలో ఒక కోయ ఊరు ఆమెది. ఆ ఊరి ఆడవాళ్లు సంఘంగా కూడి, మగవాళ్లు ఎన్నడో వదిలేసిన ఊరి చెరువును బాగుచేసుకుని మా దగ్గర చేపపిల్లలు తీసుకుపోయారు. సంఘానికి ఆమె పెద్ద. మోదుగాకులో చుట్టి తెచ్చిన చేపను కోటేశ్వరరావు గారి టేబుల్ మీద పెట్టింది. అరచెయ్యంత కూడా లేదు.

"ఏడాది మేపినం సారూ. తవుడు మేం తినక దానికి పెట్టినం. గింతే అయింది" అంది.

నేను వెంటనే నీళ్ల సంగతి ఎత్తుకున్నాను. ఆమె నా వైపు తిరిగి చూసింది.

"నీళ్లదేం తప్పు లేదు సారూ, మా తాతలనాటి నీళ్లే. ఆడోళ్లు చెరువు చేసుడేందని మా మగోళ్లు ముందుగాల్నే నవ్విన్రు. ఈ ఏడు సుత గిట్లనే అయితే చెరువు మళ్ల ఆళ్ల చేతికి పోతది. మళ్ల మేం అడిగినా ఇయ్యరు."

కోటేశ్వరరావు గారిది సత్తుపల్లి వైపు. గొంతు పెంచే మనిషి కాదు. ఆ చేపను చాలాసేపు చూసి, "ఈ ఏడు అడవి నీళ్లలో పెరిగిన తల్లి చేప పిల్లలను ఇస్తానమ్మా, తొలకరి పడంగానే" అన్నారు. తర్వాత నన్ను పిలిచి, "వీరభద్రం, నీ నోరు కాసేపు మూసుకుంటే బావుండేదయ్యా" అన్నారు. బాసుల్లో ఇలాంటివాళ్లు దొరకడం కష్టం. అందరి ముందూ నన్ను ఒక్క మాట అనేవారు కాదు. ఒక్కణ్నే దొరకబుచ్చుకుని అనేవారు, అది ఇంకా ఎక్కువ రోజులు గుర్తుండేది.

అలాంటి తల్లి చేప ఉండేది ముత్తమ్మ ఊరి పక్కనున్న ప్రాజెక్టులో. గోదావరి వరదకు ఎదురెక్కి వచ్చిన బొచ్చె చేపలు అందులో స్థిరపడ్డాయని అంటారు. ఆ నీళ్ల కింద మునిగిపోయిన అడవి ఉంది. చెట్ల మోడులు అలాగే నిలబడి ఉన్నాయి. వల వేస్తే మోడుకు చిక్కుకుని చిరుగుతుంది. చిరగని చోట చేప పడినా, పొలుసులు ఊడి, గాయాలకు బూజు పట్టి నాలుగు రోజుల్లో పోతుంది. మగ చేపలు ఒడ్డు దగ్గర వలకే చిక్కాయి, వాటిని గురించి బాధ లేదు. గుడ్లున్న పెద్ద ఆడ చేప లోపల మోడుల మధ్య ఉంటుంది. దాన్ని నోటికి ఒక్క గాలం గాయం తప్ప ఇంకేమీ లేకుండా, ప్రాణంతో, అదీ వానలకు ముందే ఫారానికి తేవాలి. అందుకని గాలం, అందుకని రీలు, అందుకని నేను.

బిగించే మనిషి

రీలు హైదరాబాదు నుంచి బస్సు పార్సిల్లో భద్రాచలం వస్తే, నేనే వెళ్లి తెచ్చుకున్నాను. అప్పటిదాకా చేతి గాలంతో గడిపినవాణ్ని. దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో చీరల మధ్య దాచాను. దాచేముందు మరను ఎంత తిరిగితే అంత బిగించాను. వదులుగా పెడితే పాడైపోతుందని నా భయం. రెండు మూడు రోజులకొకసారి తీసి, ఇంకా తిరుగుతుందేమో చూసి, మళ్లీ బిగించేవాణ్ని.

"దానికి ఊపిరాడనిస్తరా లేదా?" అనేది మా ఆవిడ అరుణ.

ఆమె అనడానికి కారణం ఉంది. మా ఇంట్లో నేను కట్టిన కుళాయి ఇంకొకరు తిప్పలేరు. నేను మూత పెట్టిన పచ్చడి జాడీని తీయడానికి పక్కింటి మగవాళ్లను పిలిచిన రోజులున్నాయి. ఏ వస్తువుకైనా మర ఉందంటే అది బిగించడానికే ఉందని నా నమ్మకం. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

చివరికి ఒకరోజు తెల్లవారుజామునే వెళ్లి ముత్తమ్మ ఊరి రేవులో పడవ తీసుకుని, మోడుల మధ్య ఆపాం. తవుడు, గానుగపిండి, కాస్త సోంపు కలిపిన ఉండ గాలానికి పెట్టి వేశాను. సైదులు పడవ పట్టుకుని కూర్చున్నాడు. ఎండ ఎక్కుతుండగా కర్ర కొస ఒక్కసారి వంగింది. పెద్ద చేప. కర్ర నా చేతుల్లోంచి పోతుందనిపించింది. నా గుండె ఎంత సంబరపడిందో చెప్పలేను. రీలులోంచి దారం పోవాలి కదా, పోలేదు. ఒక్క బెత్తెడు కూడా పోలేదు. టప్పుమని తెగింది. నేను పడవలో వెల్లకిలా పడ్డాను. టోపీ నీళ్లలో పడింది.

సైదులు టోపీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"చేప బాగనే గుంజింది సారూ. మీరు దాని కన్నా గట్టిగ గుంజిన్రు."

టోపీ దొరికింది. చేప నోట్లో నా గాలంతో అడుగుకు పోయింది. అది నాకు ఇప్పటికీ బాధే.

వెదురు బొంగు దగ్గర

ఆ రోజుల్లో ముత్తమ్మ ఊళ్లో భూమి పండుగ నడుస్తోంది. విత్తనం మట్టిలో పెట్టకముందు చేసుకునే పండుగ అది. మగవాళ్లు వేటకు పోవాలి. ఇప్పుడు వేట పేరుకే, కానీ పోవడం మాత్రం పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని, పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్లను ఆపుతారు. వేట తెచ్చినవాడిని ఆడిపాడి తీసుకుపోతారు, వేటను దించి ఊరంతా వాటాలు వేసుకుంటారు. ఒట్టి చేతులతో వచ్చినవాడి మీద పేడనీళ్లు పోస్తారు. వాడు ఎవరైనా సరే.

రేవు నుంచి తిరిగి వస్తున్న మా బండిని బొంగు దగ్గర ఆపారు. ముందు ముత్తమ్మ ఉంది, పక్కన కడవ ఉంది.

"ఏం తెచ్చినవ్ సారూ?"

"నేను ఫారం మనిషిని గదా ముత్తమ్మక్కా. పని మీద వచ్చిన."

"మా రేవుల పడవెక్కినవా లేదా?"

"ఎక్కిన."

"అయితే వేటకు పోయినట్టే. ఏం తెచ్చినవ్?"

నేను దారం నాణ్యత గురించి, గాలం మొద్దుబారడం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె కడవ ఎత్తింది. బండిలో కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే తడిపేశారు. సైదులు ముందే అద్దం ఎక్కించుకుని, "నేను డ్రైవర్ను, నేను గాలం ముట్టలే" అని సాక్ష్యం చెప్పుకున్నాడు. బొంగు పైకి లేచింది, మమ్మల్ని పోనిచ్చారు. ఆడవాళ్ల నవ్వు మలుపు దాకా వినిపించింది.

ఇంటికి వస్తే అరుణ గుమ్మంలోనే ఆపింది. ఏమైందని అడగలేదు. కుళాయి చూపించింది. ఆ కుళాయి నేను బిగించిందే కావడంతో, నేనే తిప్పుకోలేక చాలాసేపు అలాగే నిలబడ్డాను.

మర గురించి నాలుగు మాటలు

మర్నాడు పాత పేపరు పరిచి రీలు విప్పాను. మర లోపల రొట్టెల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన చిన్న బిళ్లలు ఉంటాయి. కొన్ని ఇనుపవి, కొన్ని ఉన్నిలాంటి మెత్తటివి. మర బిగిస్తే అవి నొక్కుకుని దారానికి అడ్డం పడతాయి. వారాల తరబడి బిగించి దాచిన నా రీలులో అవి అతుక్కుపోయి ఒకే ముద్దయ్యాయి. గోటితో తీయాల్సి వచ్చింది. తుడిచి, కొద్దిగా గ్రీజు రాసి, తిరిగి బిగించాక ఒక చిన్న స్ప్రింగు మిగిలిపోయింది. అది లేకుండానే రీలు ఇంకా బాగా తిరిగింది. కిర్రుకిర్రుమనే చప్పుడు కోసం పెట్టిన స్ప్రింగది అని తర్వాత తెలిసింది.

మొదటి మాట ఇదే. పని అయిపోయాక మరను పూర్తిగా వదులు చేసి దాచండి. ప్రతి పొద్దున కొత్తగా బిగించుకోండి. నిన్నటి బిగింపు నిన్నటితోనే పోయింది.

ఎంత బిగించాలి అనేది చేతి అంచనాతో తేలదు. చేతికి అహంకారం ఎక్కువ. దారం డబ్బా మీద అది ఎంత బరువుకు తెగుతుందో రాసి ఉంటుంది. అందులో మూడో వంతు దగ్గర మర జారాలి. దారం పాతదైతే ఇంకా తక్కువకే. గాలం తీసేసి దారం కొసను స్ప్రింగు కాటాకు కట్టి, పక్కవాణ్ని లాగమనండి. రీలు దగ్గర దారం పట్టుకుని లాగి చూసుకుంటే మాత్రం మోసపోతారు. కర్రకున్న రింగుల్లోంచి దారం ఎక్కించి, కర్రను వంచి పట్టుకుని, అప్పుడు లాగించాలి. చేప లాగేది కూడా అలాగే కదా. దారం కుదుపు లేకుండా మెత్తగా జారాలి. ఆగి ఆగి కుదుపుతో జారిందా, బిళ్లలు శుభ్రం చేయాల్సిందే.

చేప పరుగెత్తినప్పుడు దారం బయటికి పోయి రీలు మీద చుట్ట చిన్నదవుతుంది. చుట్ట చిన్నదైన కొద్దీ అదే మర, తిప్పకుండానే, బిగిసినట్టు పనిచేస్తుంది. కాబట్టి చేప దూరం పోయినప్పుడు మర కాస్త వదలాలి. మనం చేసేది దానికి తలకిందులు. అయ్యో పోతోంది, పోతోంది అని బిగిస్తాం. చేప దూరం పోయాక దారం తెంపేది చాలాసార్లు చేప కాదు, మన భయం. ఇంకొక మాట, దారం జారుతుండగా పిడి తిప్పకండి. చేప రాదు, దారం మాత్రం మెలికలు పడుతుంది. ఆ మెలికలు విప్పుతూ నేను గడిపిన సాయంత్రాల్లో ఇంకో ఉద్యోగం నేర్చుకుని ఉండవచ్చు.

బతుకు కూడా ఈ మర లాంటిదే అని ఇక్కడ ఒక వాక్యం రాశాను. అరుణ చదివి, "ముందు ఆ పచ్చడి జాడీ మూత తియ్యుండ్రి" అంది. ఆ వాక్యం కొట్టేశాను.

బుజ్జగించి చంపిన చేప

ఈ మాటలన్నీ నేను అప్పటికే నేర్చేసుకున్నానని అనుకోకండి. పెనం మీంచి పొయ్యిలో పడటం ఇంకా మిగిలే ఉంది.

బిగించి చెడ్డాను కనుక ఈసారి వదిలేద్దామనుకున్నాను. కాటా లేదు, లెక్క లేదు. వేలితో లాగితే వచ్చేంత వదులుగా పెట్టి వేశాను. చేప పడింది, పెద్దదే. అది ఎటు లాగితే అటు దారం ఇచ్చాను. అది పోయిన చోటికల్లా పడవ తిప్పించాను. పొద్దున పడిన చేపతో మధ్యాహ్నం దాకా తిరిగాం. సైదులు మధ్యలో రెండుసార్లు కునుకు తీశాడు. చివరికి ఆ బొచ్చె లేగదూడలాగా మెల్లగా వచ్చి పడవ పక్కన ఆగింది.

"చూసినవా సైదులూ, బుజ్జగిస్తే వస్తది" అన్నాను.

"వచ్చిందా సారూ, ఇంక చాతగాక ఆగిందా?" అన్నాడు.

నేను పట్టించుకోలేదు. తడి గోనెపట్టాలో ఎత్తి, బండి మీది నీళ్ల ట్యాంకులో వదిలి, ఆక్సిజన్ గొట్టం పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, దారిలో వెదురు బొంగు. ఇప్పుడు నా దగ్గర వేట ఉంది. ఉందంటే దించమంటారు, వాటా అంటారు. లేదంటే పేడనీళ్లు. రెండూ ఎందుకని చుట్టుదారి పట్టించాను. అడవిలో గతుకుల దారి. సైదులు వద్దన్నాడు. నా చొక్కా కొత్తది. ఆ సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఫారం చేరేసరికి చేప పొట్ట పైకి తేలి ఉంది.

కోటేశ్వరరావు గారు కత్తిపీట తెప్పించి నా ముందు పెట్టారు. "కోయవయ్యా" అన్నారు. కోశాను. పొట్ట నిండా గుడ్లు. గింజగింజా విడిగా, పండి, తొలకరి కోసం సిద్ధంగా ఉన్నాయి.

"ఇందులో ఎన్ని చెరువులున్నాయో లెక్కపెట్టి చెప్పు" అన్నారు.

ఏడుపొచ్చింది, దాచుకోలేదు. దారం తెంపుకుని పోయిన చేప కనీసం బతికి ఉండి ఉంటుంది. దీన్ని మాత్రం నేను గంటల తరబడి అలసిపోయేలా తిప్పి, ఇంత సుకుమారంగా పట్టానని మురిసిపోతూ, చొక్కా కాపాడుకుంటూ చంపాను. వదులుగా పెట్టడం దయ అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. చేపకు దయ అంటే తొందరగా ఒడ్డుకు తేవడం. బలం మిగిలి ఉండగానే నీళ్లలో పడాలి.

"మబ్బులు పడుతున్నాయి వీరభద్రం. ఇంకొక్కటి" అన్నారు సారు. అంతే అన్నారు.

సైదులు నా మాట విన్న రోజు

మూడోసారి రేవులోనే కాటా కట్టి మర సరిచేశాను. సైదులు లాగాడు. మూడో వంతు దగ్గర మెత్తగా జారింది. ఇంక నా మీద నాకు నమ్మకం లేదు గనక సైదులుకు ఒక పని చెప్పాను.

"చేప పడ్డంక నా చెయ్యి మర మీదికి పోతే కొట్టు."

"నిజంగ కొట్టాల్నా?"

"కొట్టు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో అతను నేను చెప్పిన పని అంత శ్రద్ధగా చేయడం అదే మొదలు. చేప పడగానే మోడుల వైపు పరుగెత్తింది. దారం సర్రున పోతోంది. నా చెయ్యి దానంతట అదే మర మీదికి వెళ్లింది. సైదులు తెడ్డు పిడితో వేళ్ల మీద ఒక్కటిచ్చాడు. చేప ఇంకా దూరం పోయింది. ఇంకోసారి వెళ్లింది, ఇంకోటి ఇచ్చాడు. మూడోసారి వెళ్లకముందే ఇచ్చాడు.

"ఇప్పుడెందుకు కొట్టినవ్?"

"పోయేటట్టు కనబడ్డది సారూ."

మోడులకు కాస్త ఇవతలే చేప తిరిగింది. నేను బిగించలేదు, వదల్లేదు. కర్రను పక్కకు వాల్చి, అది ఆగినప్పుడు చుట్టుకున్నాను, పోయినప్పుడు పోనిచ్చాను. సైదులుకు బీడీ వెలిగించుకునే తీరిక కూడా దొరకలేదు. చేప పడవ దగ్గరికి వచ్చి తోకతో కొడితే ఇద్దరం తడిశాం. దానికి ఇంకా చాలా కోపం మిగిలి ఉంది. ఆ కోపం చూసి నాకు కలిగిన ఆనందం నా పెళ్లినాడు కూడా కలగలేదు. ఇది అరుణకు చదివి వినిపించేటప్పుడు వదిలేశాను.

ఒట్టి బండి

ఈసారి సూటి దారే పట్టాం. ట్యాంకు మీద మూత, మూత మీద తడి గోనెలు. పండుగ చివరి రోజులు, బొంగు అక్కడే ఉంది. కడవ కూడా అక్కడే ఉంది. ఆడవాళ్లు బండిని చుట్టుముట్టారు.

"ఏం తెచ్చినవ్ సారూ?" అంది ముత్తమ్మ.

నిజం చెప్పాలంటే, నాకు మూత తీసి చూపించాలని ఎంత కోరికగా ఉందో మాటల్లో చెప్పలేను. పేడనీళ్లు పోసిన చేతులతోనే నన్ను ఆడిపాడి తీసుకుపోతారు. ఆ మర్యాద కోసం మనసు కొట్టుకుంది. కానీ మూత తీస్తే అందరూ వంగి చూస్తారు. అంత బలమున్న బొచ్చె ఎగిరి రోడ్డు మీద పడుతుంది. పడకపోయినా, దించాల్సిన వేటను దించకుండా పోతానంటే వాళ్ల పండుగకు మర్యాద కాదు. ఇది మీ చెరువు కోసమే అక్కా అని విడమరిచి చెప్పే లోపల, ఎండలో నీళ్లు వేడెక్కుతాయి.

"ఏం దొరకలే" అన్నాను.

"ఏం దొరకలేదా?"

"ఒట్టి బండే."

సైదులు నా మొహం చూసి, చిన్నగా అద్దం ఎక్కించుకున్నాడు. సరిగ్గా అప్పుడే ట్యాంకులో చేప తోక కొట్టింది. ధబ్బుమని చప్పుడైంది. ఆడవాళ్లలో ఎవరో పాట ఆపారు. ముత్తమ్మ గోనెల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకున్నాను. ఆ చప్పుడును కప్పిపుచ్చడానికి అది సరిపోదని నాకూ తెలుసు.

ఆమె కడవ అందుకుని నా నెత్తిన గుమ్మరించింది. కిందటిసారి కంటే ఎక్కువే పోసింది. కళ్లు తుడుచుకునే లోపలే బొంగు పైకి లేచింది.

"పోనియ్యిన్రే, జల్దీ పోనియ్యిన్రి. కంపు కొడుతుండు" అంది.

సైదులు పోనిచ్చాడు. వాసనకు నోరు తెరవలేక, మధ్యమధ్య ట్యాంకు మీద చెయ్యి వేసి చూసుకుంటూ ఏన్కూరు దాకా వచ్చాను. లోపల చేప కదులుతూనే ఉంది. ఫారంలో కోటేశ్వరరావు గారు ఎదురొచ్చారు. నన్ను చూసి, "మళ్లీ పోయిందా?" అని ఆగిపోయారు. నేను గోనెలు తీశాను. ఆయన ట్యాంకులోకి వంగి చూసి, పేడ కారుతున్న నా భుజం మీద చెయ్యి వేశారు. సారు చొక్కా ఎప్పుడూ తెల్లదే.

వాటా

తొలకరి పడింది. ఆ తల్లి గుడ్లు పెట్టింది. మొదటి పిల్లలు ముత్తమ్మ ఊరి చెరువుకు పోయాయి. ఏడాదంతా నేను అటు వెళ్లలేదు. పని లేక కాదు, మొహం చెల్లక. పండుగ పూట వాళ్ల ముందు అబద్ధం ఆడినట్టు లోపల గుచ్చుతూనే ఉండేది. ఎదిగాయో లేదో కూడా భయమే. సైదులును అడిగితే "పోయి చూసుకోన్రి" అనేవాడు.

మళ్లీ వేసవిలో ఒక పొద్దున ముత్తమ్మ ఫారానికి వచ్చింది. ఈసారి చేతిలో మోదుగాకుల చుట్ట లేదు. గంప ఉంది, పైన మోదుగాకులు కప్పి ఉన్నాయి. గంపను సారు టేబుల్ మీద కాదు, నా ముందు దించింది. ఆకులు తీసింది. బొచ్చె. తల గంపకు ఈ పక్క, తోక ఆ పక్క బయటికి ఉన్నాయి.

"చెరువుల చేపలు పట్టినం సారూ. మా మగోళ్లే వచ్చి వల గుంజిన్రు. మేం గట్టు మీద నిలబడి నవ్వినం" అంది. ఆమె మొహం వెలిగిపోతోంది. "ఇది నీ వాటా."

"నాకు వాటా ఏంది ముత్తమ్మక్కా? నేను ఒట్టి చేతులతోని వచ్చిన గదా."

"అవ్. అందుకే పేడనీళ్లు పోసినం."

ఆమె గంపలోంచి చేపను నా చేతుల్లో పెట్టింది. బరువుకు చేతులు కిందికి జారాయి.

"దొరికిందని నువ్వంటే దించకుంట పోనిచ్చేటోళ్లం కాదు సారూ, పండుగ గదా. నువ్వు లేదన్నవ్, మాకు నిన్ను పోనిచ్చే తోవ దొరికింది. లేదన్నందుకు పేడనీళ్లు పోసినం. తోక చప్పుడుకు వాటా తెచ్చినం."